35 బంతులు, రెండు తీర్పులు

విరాట్ కోహ్లీ ఆడిన రెండు ఐపీఎల్ ఫైనల్స్‌ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 2016 మే 29, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. మన సన్‌రైజర్స్ 208 కొట్టారు. ఛేజింగ్‌లో కోహ్లీ 35 బంతుల్లో 54 పరుగులు చేసి ఔటయ్యాడు. రెండోది 2025 జూన్ 3, అహ్మదాబాద్. ఈసారి ప్రత్యర్థి పంజాబ్. మొదట బ్యాటింగ్‌కి దిగిన బెంగళూరు తరఫున కోహ్లీ 35 బంతుల్లో 43 చేశాడు.

బంతులు సరిగ్గా అన్నే. పరుగులు మాత్రం రెండోసారి 11 తక్కువ. 2016లో టీమ్ 8 పరుగుల తేడాతో ఓడింది, 2025లో 6 పరుగుల తేడాతో గెలిచింది. 2016 తర్వాత మనం ఏళ్ల తరబడి విన్న మాట ఏంటి? సీజన్‌లో 973 కొట్టి ఏం లాభం, ఫైనల్ గెలిపించలేకపోయాడు కదా అని. 2025 జూన్ 3 రాత్రి విన్న మాట? 18 ఏళ్ల తపస్సు ఫలించింది అని. ఎక్కువ పరుగులు ఎక్కువ వేగంతో చేసిన రోజు ఫెయిల్యూర్. తక్కువ పరుగులు తక్కువ వేగంతో చేసిన రోజు హీరో.

ఇంకో తమాషా ఉంది. 2016లోనే ఫైనల్‌కి ముందు గుజరాత్ లయన్స్‌తో జరిగిన క్వాలిఫయర్‌లో కోహ్లీ డకౌట్. 29 పరుగులకే 5 వికెట్లు పోయాయి. ఆ మ్యాచ్‌ని డివిలియర్స్ 79 నాటౌట్‌తో ఒడ్డున పడేశాడు. అంటే కోహ్లీ సున్నాకి ఔటైన మ్యాచ్ గెలిచారు, హాఫ్ సెంచరీ కొట్టిన మ్యాచ్ ఓడారు. ఇప్పుడు "కోహ్లీ పెద్ద మ్యాచ్ ప్లేయరా, కాదా?" అని డిబేట్ పెడితే ఏమని తేలుస్తారు?

ఏటా ప్లేఆఫ్స్ మొదలవగానే మా ఆఫీస్ క్రికెట్ గ్రూపులో సరిగ్గా ఇదే డిబేట్ మొదలవుతుంది. రెండు నెలల పాటు స్ట్రైక్ రేట్లు, ఎకానమీలు, ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ గురించి శాస్త్రీయంగా మాట్లాడిన ఇంజనీర్లందరూ ఆ వారం ఒక్కసారిగా జ్యోతిష్కులైపోతారు. వీడికి గుండె ఉంది, వాడికి లేదు. వీడు పుట్టుకతోనే ఫైనల్స్ ప్లేయర్, వాడు చోకర్. ఆఫీసులో మా మేనేజర్ నుంచి ఇంట్లో మా నాన్న దాకా అందరి దగ్గరా తీర్పులు రెడీ. టీవీలో మొదటి వికెట్ పడగానే మా నాన్న కళ్లజోడు సర్దుకుని, "చెప్పానా, వీడు పెద్ద మ్యాచుల్లో ఆడడురా" అంటారు. ఆయన చెప్పలేదు. కానీ నాన్నతో డిబేట్‌లో గెలిచినవాడు ఎవడు?

సరదా సంగతి పక్కన పెడితే, ఈ డిబేట్‌లో నాకు నచ్చని విషయం ఒకటుంది. మూడు మ్యాచ్‌లు చూసి మనిషి ఎలాంటివాడో తేల్చేయడం. ఎందుకు నచ్చదో మన టీమ్ నుంచే మొదలుపెట్టి చెబుతాను. గాయం మనదే కాబట్టి.

ఒకే గ్రౌండ్, ఒకే మనిషి

2023 నవంబర్ 19. అహ్మదాబాద్. వన్డే వరల్డ్ కప్ ఫైనల్. ట్రావిస్ హెడ్ 120 బంతుల్లో 137 కొట్టి మన నోట్లోంచి కప్పు లాక్కుపోయాడు. అదే ఏడాది జూన్‌లో ఓవల్‌లో జరిగిన వరల్డ్ టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లోనూ మన మీదే 163 కొట్టాడు. కాబట్టి హెడ్ సన్‌రైజర్స్‌లోకి వచ్చినప్పుడు హైదరాబాద్ మొత్తం అనుకున్నది ఒకటే. ఫైనల్ చేర్చండి చాలు, మిగతాది హెడ్ చూసుకుంటాడు.

2024 సీజన్ ఎలా సాగిందో మీకు నేను గుర్తుచేయక్కర్లేదు. అయినా రాస్తాను, రాస్తుంటేనే ఆనందం. ముంబై మీద ఉప్పల్‌లో 277. బెంగళూరు మీద 287. ఢిల్లీ మీద పవర్‌ప్లే ఆరు ఓవర్లలోనే 125, వికెట్ పడకుండా. లక్నో ఇచ్చిన 166 టార్గెట్‌ని హెడ్, అభిషేక్ శర్మ ఇద్దరే 9.4 ఓవర్లలో ఊదేశారు. హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ 28 బంతుల్లో 75. ఆ సీజన్‌లో హెడ్ 567 పరుగులు, అభిషేక్ 484.

తర్వాత మే 21. మళ్లీ అహ్మదాబాద్. క్వాలిఫయర్ 1. హెడ్ ఎదుర్కొన్నది రెండు బంతులు. స్టార్క్ బౌలింగ్‌లో బౌల్డ్, సున్నా. మే 26న చెన్నైలో ఫైనల్. మొదటి బంతికే ఔట్, మళ్లీ సున్నా. మధ్యలో రాజస్థాన్ మీద 34. అభిషేక్ సంగతి ఇంకా ఘోరం. మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లూ కలిపి బ్యాట్‌తో 3, 12, 2.

137 కొట్టిన గ్రౌండ్‌లోనే ఆరు నెలల తర్వాత సున్నా. ఈ ఆరు నెలల్లో హెడ్ గుండె ఎటు పోయింది? ఎటూ పోలేదు. మొదటిసారి కొత్త బంతిని తట్టుకున్నాడు, రెండోసారి స్టార్క్ వేసిన మంచి బంతి బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్యలోంచి దూరింది. "పెద్ద మ్యాచ్ ప్లేయర్" అనేది మనిషి లోపల ఉండే గుణమే అయితే అది ఒకే గ్రౌండ్‌లో ఒకరోజు ఉండి, ఇంకోరోజు మాయమవకూడదు కదా.

ఆ ఫైనల్ రాత్రి మా బావ ఫోన్ చేశాడు. ఆయన డెక్కన్ చార్జర్స్ కాలం నుంచీ హైదరాబాద్ ఫ్యాన్. "ఏరా, మీ హెడ్ ముంచేశాడుగా" అన్నాడు. గెలిచినంత కాలం "మన హెడ్", ఓడిన రాత్రి "మీ హెడ్". నేను ఒకటే అడిగాను. "బావా, హెడ్ ఒక్కడు సున్నా కొడితే 113కి ఆలౌట్ ఎలా అయ్యాం?" ఆ ఫైనల్‌లో మన టీమ్‌లో టాప్ స్కోరర్ ఎవరో తెలుసా? కెప్టెన్ కమిన్స్, 24 పరుగులు. బ్యాటింగ్ ఆర్డర్ మొత్తంలో ఒక్కరూ బౌలరైన కమిన్స్‌ని దాటలేదు. ఐపీఎల్ ఫైనల్స్ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు అది. డిబేట్ మొత్తం ఒక స్టార్ చుట్టూ తిరిగితే మిగతా పదిమంది హాయిగా తప్పించుకుంటారు.

ఇంకో సంగతి కూడా ఎవరూ మాట్లాడరు. రాజస్థాన్ మీద క్వాలిఫయర్ 2లో అభిషేక్ బ్యాట్‌తో 12 చేసి ఊరుకోలేదు. పార్ట్ టైమ్ స్పిన్‌తో సంజూ శాంసన్, హెట్‌మైయర్ వికెట్లు తీశాడు. మనం ఫైనల్ చేరడంలో ఆ రెండు వికెట్ల పాత్ర పెద్దదే. "అభిషేక్ ప్లేఆఫ్స్‌లో ఫెయిల్" అనే మీమ్‌లో మాత్రం వాటికి చోటు లేదు.

లూడో డైస్‌తో ఒక లెక్క

నేను ఇంజనీరింగ్ చదివింది నాలుగేళ్లు. అందులో ప్రాబబిలిటీ బాగా గుర్తుంది. భయపడకండి, ఒక్క పేరాలో అయిపోతుంది.

మొదటి బంతి నుంచే బాదే ఓపెనర్ ఒకడున్నాడు అనుకుందాం. మూడు ఇన్నింగ్స్‌కి ఒకసారి తక్కువ స్కోరుకే ఔటవుతాడు. ఇది లెక్క కోసం అనుకున్న సంఖ్య, ఏ ఆటగాడిదీ కాదు. లూడో డైస్ తీసుకోండి. 1 గానీ 2 గానీ పడితే ఔట్, మిగతావి పడితే బాగా ఆడినట్టు. మూడుసార్లు వేయండి, మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లన్నమాట. అందులో కనీసం రెండుసార్లు ఔటయ్యే అవకాశం ఎంత? 27లో 7. అంటే దాదాపు నాలుగింట ఒక వంతు.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. డైస్‌కి గుండె లేదు, ఒత్తిడి లేదు, లక్ష మంది అరుపులు వినపడవు. అయినా నాలుగుసార్లలో ఒకసారి అది "చోకర్" అయిపోతోంది. ప్లేఆఫ్స్‌లో నాలుగు టీములు. టీముకి ఇద్దరేసి స్టార్లు, ఎనిమిది మంది. అందరూ మూడేసి మ్యాచ్‌లు ఆడారనుకుంటే ఎవరూ భయపడకపోయినా, ఎవరూ తప్పు చేయకపోయినా ఏటా సగటున ఇద్దరు "పెద్ద మ్యాచుల్లో పనికిరానివాళ్లు" మనకి ఫ్రీగా దొరుకుతారు. మీమ్ పేజీలకి అంతకన్నా ఏం కావాలి?

డైస్ నిజంగా ఎలా పడుతుందో చూడాలంటే 2025లో శ్రేయస్ అయ్యర్‌ని చూడండి. మే 29న క్వాలిఫయర్ 1లో 2 పరుగులు. జూన్ 1న ముంబై మీద క్వాలిఫయర్ 2లో 41 బంతుల్లో 87 నాటౌట్, 204 టార్గెట్‌ని ఒంటిచేత్తో లాగేశాడు. జూన్ 3న ఫైనల్‌లో 1 పరుగు. ఆరు రోజుల్లో ఒకే మనిషికి మూడు లేబుళ్లు. పంజాబ్ ఫ్యాన్స్‌కి ఇది పాత కథే. 2014లో సెహ్వాగ్ క్వాలిఫయర్ 2లో చెన్నై మీద 58 బంతుల్లో 122 కొట్టాడు. రెండు రోజుల తర్వాత ఫైనల్‌లో 7.

ఒక్క బంతి అటూ ఇటూ అయితే

2019 ఫైనల్ ఉప్పల్‌లోనే జరిగింది. మే 12. ముంబై 149, చెన్నై ఛేజింగ్. 16వ ఓవర్ లసిత్ మలింగ వేశాడు, 20 పరుగులు ఇచ్చాడు. ఆ క్షణంలో మలింగ పేరు మీద ఎన్ని తిట్లు పడ్డాయో లెక్కలేదు. వయసైపోయింది, ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు అని. రోహిత్ మాత్రం చివరి ఓవర్ మళ్లీ మలింగకే ఇచ్చాడు. చెన్నైకి 9 కావాలి. ఆఖరి బంతికి 2 కావాలి. శార్దూల్ ఠాకూర్ ఎల్‌బీడబ్ల్యూ. ముంబై ఒక్క పరుగుతో చాంపియన్.

మలింగ ఆ రోజు ఫిగర్స్ 4 ఓవర్లు, 49 పరుగులు, 1 వికెట్. అదే మ్యాచ్‌లో బుమ్రా 14 పరుగులకు 2 వికెట్లు. కానీ ఈరోజుకీ ఆ ఫైనల్ అంటే మనకి గుర్తొచ్చేది మలింగ ఆఖరి బంతే. శార్దూల్ బ్యాట్‌కి ఆ బంతి తగిలి సందులోంచి బౌండరీకి పోయి ఉంటే? అదే మలింగ, అవే 23 బంతులు, ముంబైని ముంచినవాడిగా మిగిలిపోయేవాడు. మోకాలికి రక్తం కారుతూ 80 కొట్టిన వాట్సన్‌ది మరో కథ అయ్యేది.

దీనికి రివర్స్‌లో మోహిత్ శర్మ కథ. 2023 క్వాలిఫయర్ 2లో ముంబై మీద 10 పరుగులకు 5 వికెట్లు. తర్వాతి మ్యాచ్ ఫైనల్, చెన్నై మీద. ఆ మ్యాచ్‌లోనూ 3 వికెట్లు, అందులో ధోనీ మొదటి బంతికే. చివరి ఓవర్లో 13 పరుగులు కాపాడాలి. మొదటి నాలుగు బంతుల్లో ఇచ్చింది 3 పరుగులే. అంతవరకూ మోహిత్ దేవుడు. ఐదో బంతి జడేజా సిక్స్, ఆరో బంతి ఫోర్. అయిపోయింది. రెండు మ్యాచ్‌ల్లో 8 వికెట్లు తీసిన మనిషిని మనం గుర్తుపెట్టుకున్నది ఆ రెండు బంతులతో.

అదే ఫైనల్‌లో మన గుంటూరు అంబటి రాయుడు ఉన్నాడు. ఐపీఎల్ కెరీర్లో ఆఖరి మ్యాచ్. 15 ఓవర్లలో 171 కొట్టాల్సిన స్థితిలో 8 బంతుల్లో 19. మోహిత్ ఓవర్లో వరసగా 6, 4, 6. ఆ మూడు షాట్లు లేకపోతే జడేజాకి ఆఖరి బంతి దాకా వెళ్లే అవకాశమే ఉండేది కాదు. ఆరు టైటిల్స్ గెలిచిన రాయుడి గురించి ఎప్పుడైనా "పెద్ద మ్యాచ్ ప్లేయర్" డిబేట్ జరగడం విన్నారా? నేను వినలేదు. మన డిబేట్లు స్టార్ల కోసమే రిజర్వు.

మరి ఒత్తిడి అబద్ధమా?

ఇక్కడిదాకా చదివిన వాళ్లలో కొందరు "అంటే అంతా లక్కేనా బాస్?" అంటారు. కాదు. అలా అంటే అది ఇంకో తరహా సోమరితనం.

ఒత్తిడి ఉంటుంది. ఆడినవాళ్లే చెబుతారు. పైగా ప్లేఆఫ్స్‌లో ఎదుటి టీమ్ కూడా టాప్ ఫోర్‌లో ఒకటి. పది టీముల లీగ్‌లో బలహీనమైన బౌలింగ్ మీద కొట్టిన పరుగులు అక్కడ కొట్టడం కష్టం. 2024లో కోల్‌కతాకి కొత్త బంతితో స్టార్క్ ఉన్నాడు. ఫైనల్ మొదటి ఓవర్లో అభిషేక్‌కి వేసిన బంతి గుర్తుంది కదా? చివర్లో బయటికి కదిలి ఆఫ్ స్టంప్‌ని లేపేసింది. ఆ బంతికి ఎంత గుండె ఉన్నా లాభం లేదు, టెక్నిక్ ఉన్నా కష్టమే. బ్యాటర్ ఫెయిలయ్యాడు అనేముందు బౌలర్ గెలిచాడు అనడం మనం నేర్చుకోవాలి.

ఆ స్టార్క్ సంగతే చూడండి. 24.75 కోట్లు, అప్పటికి ఐపీఎల్ వేలంలో రికార్డు. మొదటి రెండు మ్యాచ్‌ల్లో 8 ఓవర్లు, 100 పరుగులు, వికెట్లు సున్నా. ఒక్కో బంతి ఖరీదు ఎంతో లెక్కేసి మీమ్స్ వేశారు. ప్లేఆఫ్స్‌లో ఆడిన రెండు మ్యాచ్‌ల్లో 5 వికెట్లు, రెండింట్లోనూ ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. ఆయన్ని పెద్ద మ్యాచ్ ప్లేయర్ అనొచ్చా? అనొచ్చు. కానీ ఆ రెండు మ్యాచ్‌ల వల్ల కాదు. 2015 వన్డే వరల్డ్ కప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ దగ్గర్నుంచి దాదాపు పదేళ్ల రికార్డు వెనకుంది కాబట్టి.

అలాగే సురేశ్ రైనా. ఐపీఎల్ నాకౌట్, ప్లేఆఫ్ మ్యాచ్‌లు 20కి పైగా ఆడి, 700కి పైగా పరుగులు చేశాడు. అన్ని మ్యాచ్‌లు చూశాక ఒక మాట అనే హక్కు మనకి వస్తుంది. విచిత్రం ఏంటంటే రైనా బెస్ట్ ప్లేఆఫ్ ఇన్నింగ్స్ వచ్చింది ఓడిన మ్యాచ్‌లో. ఇందాక చెప్పిన సెహ్వాగ్ 122 మ్యాచే. రైనా పవర్‌ప్లేలోనే 25 బంతుల్లో 87 కొట్టి రనౌటయ్యాడు, చెన్నై 24 పరుగులతో ఓడింది.

మనకీ ఒకడున్నాడు. 2016లో డేవిడ్ వార్నర్ సీజన్ మొత్తం 848 పరుగులు. క్వాలిఫయర్ 2లో 163 టార్గెట్‌లో ఒక్కడే 93 నాటౌట్. ఫైనల్‌లో 38 బంతుల్లో 69. కెప్టెన్‌గా ఇంతకన్నా ఏం చేయాలి? అయినా ఆ ఫైనల్‌లో ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ వార్నర్ కాదు. 15 బంతుల్లో 39 కొట్టి, గేల్‌నీ రాహుల్‌నీ ఔట్ చేసిన బెన్ కటింగ్.

హెడ్, అభిషేక్‌ల విషయంలో అడగాల్సిన అసలు ప్రశ్న ధైర్యం గురించి కాదు, ప్లాన్ గురించి. మొదటి బంతి నుంచి బాదే పద్ధతి 287 ఇస్తుంది, ఒక్కోరోజు 113 కూడా ఇస్తుంది. రెండూ ఒకే ప్యాకేజీలో వస్తాయి. పద్నాలుగు లీగ్ మ్యాచ్‌ల్లో అప్పుడప్పుడు బోల్తా పడినా పైకి రావచ్చు. ఫైనల్లో ఆ వెసులుబాటు లేదు. మరి బంతి కదులుతున్న రోజు మూడో నంబర్‌లో నిలబడేవాడు ఎవరు? ఇద్దరు ఓపెనర్లూ పోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నలకి జవాబులుంటాయి, టీమ్ వాటి మీద పనిచేయొచ్చు. "గుండె లేదు" అనే మాట మీద ఏ కోచ్ మాత్రం ఏం పనిచేస్తాడు?

ఈ అలవాటు ఎక్కడిది?

మూడు మ్యాచ్‌లతో మనిషిని తూచే అలవాటు మనకి క్రికెట్ నేర్పలేదని నా అనుమానం. మనం ఎంసెట్ పిల్లలం. రెండేళ్ల ఇంటర్, పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు, చివరికి మూడు గంటలు, 160 ప్రశ్నలు. ఆ మూడు గంటలు బాగా రాస్తే తెలివైనవాడు. ఆ రోజు జ్వరమొస్తే, సెంటర్ దొరక్క టెన్షన్ పడితే, బంధువుల దృష్టిలో జీవితాంతం మామూలోడు.

ర్యాంకుతో సీటు ఇవ్వడం తప్పని నేను అనను. సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ, ఏదో ఒక రోజు పరీక్ష పెట్టాలి. ప్లేఆఫ్స్ కూడా అంతే. కప్పు ఒకటే కాబట్టి ఆ రోజు బాగా ఆడినవాళ్లకే ఇవ్వాలి. 2024లో కోల్‌కతా ఆ రోజు మనకన్నా చాలా బాగా ఆడింది, కప్పు వాళ్లదే, ఇందులో గొడవ లేదు. "ఈరోజు ఎవరు గెలిచారు?" అన్న ప్రశ్నకి ఫైనల్ కచ్చితమైన జవాబిస్తుంది. "ఎవరు ఎలాంటి ఆటగాడు?" అన్న ప్రశ్నకి మాత్రం ఆ ఒక్క రోజు చాలదు. రెండు ప్రశ్నలకీ ఒకే ఆన్సర్ షీట్ దిద్దడం దగ్గరే మన డిబేట్ పట్టాలు తప్పుతోంది.

దీనివల్ల నష్టమేంటి, సరదాకే కదా అంటారా? మా ఫీల్డ్‌లో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. నాతో పనిచేసిన ఒకతను ఏడాది పొడవునా శుభ్రమైన కోడ్ రాసేవాడు. ఒక క్లయింట్ డెమో రోజు స్క్రీన్ ఆగిపోయింది. కారణం నెట్‌వర్క్ అని అదేరోజు సాయంత్రం తేలింది. అయినా "వాడు డెమోల్లో తడబడతాడు" అనే మాట అతుక్కుపోయింది. తర్వాత డెమో అనగానే వేరేవాళ్లని పంపేవాళ్లు. ఇక్కడే అసలు అన్యాయం ఉంది. లేబుల్ పడ్డాక ఇంకో అవకాశం రాదు. ఇంకో అవకాశం రాకపోతే లేబుల్ తప్పని నిరూపించే దారి ఉండదు. మన పరిభాషలో చెప్పాలంటే శాంపిల్ సైజు ఒకటి దగ్గరే ఫ్రీజ్ అయిపోతుంది.

అభిషేక్‌కి ఆ గతి పట్టలేదు, అదృష్టం. 3, 12, 2 తర్వాత కూడా సన్‌రైజర్స్ అతన్ని వదులుకోలేదు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద 246 టార్గెట్. అభిషేక్ 55 బంతుల్లో 141. ఐపీఎల్‌లో అప్పటికి ఏ భారతీయుడూ కొట్టనంత స్కోరు. అది ప్లేఆఫ్ మ్యాచ్ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి ఆటగాడిని మూడు ఇన్నింగ్స్ చూసి పక్కన పెట్టి ఉంటే ఏం పోగొట్టుకునేవాళ్లమో ఆ రాత్రి ఉప్పల్ చూసింది.

డిబేట్ ఆపొద్దు, ఇలా చేద్దాం

డిబేట్ లేకపోతే మ్యాచ్ చూడటంలో సగం మజా పోతుంది. మా గ్రూపులో నేను పెట్టిన నాలుగు ప్రశ్నలు మీరూ వాడుకోండి, కాపీరైట్ ఏమీ లేదు.

ఒకటి, ఎన్ని బంతులు? రెండు మ్యాచ్‌ల్లో కలిపి మూడు బంతులు ఆడినవాడి మనస్తత్వం మీద థీసిస్ రాయొద్దు. కనీసం పది, పదిహేను ప్లేఆఫ్ ఇన్నింగ్స్ చూశాక మాట్లాడదాం.

రెండు, ఎదురుగా ఎవరు? మంచి బంతికి ఔటయ్యాడా, చెత్త షాట్ కొట్టాడా? ఈ రెండూ స్కోర్‌కార్డులో ఒకేలా కనిపిస్తాయి. హైలైట్స్ చూస్తే తేడా తెలుస్తుంది.

మూడు, మిగతా పదిమంది ఏం చేశారు? స్టార్ సున్నాకి ఔటైనా గెలిచే టీములుంటాయి, 2016లో బెంగళూరు లాగా. స్టార్ ఔటవగానే కూలిపోతే అది టీమ్ కట్టిన తీరులో సమస్య.

నాలుగు, ఆఖరి బంతి ఫలితాన్ని తిప్పి చూడండి. శార్దూల్ బ్యాట్‌కి బంతి తగిలి ఉంటే మలింగ గురించి మీ అభిప్రాయం మారిపోయేదా? మారిపోయేదైతే మీరు మాట్లాడుతున్నది మలింగ గురించి కాదు, ఆ ఒక్క బంతి గురించి.

ఈ నాలుగు ప్రశ్నలు పెట్టాక మా గ్రూపులో మెసేజ్‌లు తగ్గలేదు, ఇంకా పెరిగాయి. కాకపోతే "చోకర్" అనే మాట కాస్త తగ్గి, "స్టార్క్‌కి ఆ బంతి ఎలా కదిలింది?", "మూడో నంబర్‌లో ఎవరిని పంపాలి?" లాంటివి వస్తున్నాయి. గొడవ మాత్రం అంతే గట్టిగా జరుగుతోంది. మా బావ ఇప్పటికీ ఒప్పుకోలేదు. "లెక్కలు నువ్వు చేసుకోరా, నాకు కప్పు కావాలి" అంటాడు.

కప్పు నాకూ కావాలి బావా. అది వచ్చేదాకా, వికెట్ పడ్డ ప్రతిసారీ "మన హెడ్" కాస్తా "మీ హెడ్" అయిపోకుండా ఉంటే అదే పదివేలు.